చేప మేత, చేప పేగు: తరచుగా అడిగే ప్రశ్నలు

ప్రొటీన్ ఎంత శాతం ఉండాలి, నూనె కలపొచ్చా, మబ్బు పట్టిన రోజు మేత వేయాలా, కాలేయం ఎందుకు పాలిపోయింది... ఏళ్ల తరబడి ఇవే సందేహాలు తిరిగి తిరిగి వస్తున్నాయి. అందుకని అన్నీ ఒకచోట రాసిపెట్టాను. చేప పెరిగే దశను బట్టి విడగొట్టాను కాబట్టి మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు. నా పట్టుదల ఒక్కటే: సంచి మీది అంకెలు చూసే ముందు, ఆ మేతను ఆ చేప పేగు ఎంతవరకు అరిగించుకోగలదో చూడాలి.

## మేత ఎంచుకునే ముందు

అన్ని చేపలకూ ఒకే మేత వేస్తే ఏమవుతుంది? కడుపులోకి వెళ్లాక అంతా ఒకటే కదా?

ఒకటి కాదు. ఒక శీలావతినీ ఒక కొరమేనునూ పక్కపక్కన పెట్టి పొట్ట చీల్చి చూడండి. కొరమేనులో సంచిలాంటి జీర్ణాశయం, దాని వెనక పొట్టి పేగు కనిపిస్తాయి. ఆ పేగు చేప పొడవు కూడా ఉండదు. శీలావతిలో అసలు జీర్ణాశయమే లేదు. గొంతు దాటగానే పేగు కాస్త ఉబ్బి, అక్కడి నుంచి చుట్టలు చుట్టలుగా సాగిపోతుంది. బల్ల మీద పరిచి కొలిస్తే చేప పొడవుకు ఎన్నో రెట్లు వస్తుంది. బొచ్చె, గడ్డిచేప, బంగారుతీగ కూడా జీర్ణాశయం లేనివే.

జీర్ణాశయం ఉన్న చేపలో ఆమ్లం, పెప్సిన్ అనే ఎంజైము కలిసి మాంసాన్ని, ఎముకను మెత్తబరుస్తాయి. అది లేని చేపలో ఆ మొదటి మెట్టే లేదు. పేగులోని కొద్దిపాటి క్షార వాతావరణంలో ట్రిప్సిన్, కైమోట్రిప్సిన్ అనే ఎంజైములే ఆ పనంతా చేయాలి. తిలాపియాది ఇంకో దారి. దాని జీర్ణాశయంలో పీహెచ్ 2 కంటే కిందికి కూడా దిగుతుంది, ఆ పులుపుకు నాచు కణాల గోడలు పగులుతాయి. పిండిని విడగొట్టే అమైలేజ్ కార్ప్ జాతి చేపల్లో బాగా ఉంటుంది, మాంసాహార చేపల్లో చాలా తక్కువ. ఒకే పెల్లెట్ (గుళిక మేత) ఒక చేపకు భోజనమైతే ఇంకో చేపలో సగం మలంగా బయటికి వచ్చేది ఇందుకే.

ప్రొటీన్ ఎంత ఎక్కువుంటే చేప అంత తొందరగా పెరుగుతుందా?

ఒక హద్దు వరకే. చేప ప్రొటీన్‌ను అమైనో ఆమ్లాలుగా విడగొట్టుకుని కండ కట్టుకుంటుంది. కండకు అక్కర్లేనిది మిగిలితే అందులోని నత్రజని భాగాన్ని తెంచి అమ్మోనియాగా మొప్పల గుండా వదిలేసి, మిగతాదాన్ని శక్తి కోసం మండించేస్తుంది, లేదా కొవ్వుగా దాచుకుంటుంది. తలుపులు చేయాల్సిన టేకు దుంగల్ని పొయ్యిలో పెట్టుకున్నట్టు.

పెరిగే దశలో కార్ప్ చేపలకు, తిలాపియాకు సాధారణంగా 28 నుంచి 32 శాతం సరిపోతుంది. ట్రౌట్, సాల్మన్, పండుగప్ప లాంటి మాంసాహార చేపలకు 40 శాతం పైనే కావాలి. కోళ్ల మేతతో పోలిస్తే ఈ అంకెలు పెద్దవిగా కనిపిస్తాయి. దానికి అసలు కారణం, చేపకు ఒంటిని వెచ్చగా ఉంచుకునే ఖర్చు లేకపోవడం. నీళ్లే మోస్తాయి కాబట్టి బరువు మోసే ఖర్చూ తక్కువే. శక్తి అవసరం తగ్గేసరికి మేతలో ప్రొటీన్ వాటా పెద్దదిగా తేలుతుంది.

సంచి మీద 'క్రూడ్ ప్రొటీన్ 32 శాతం' అని ఉంది. అదంతా చేపకు అందుతుందా?

అందదు. ప్రయోగశాలలో కొలిచేది ప్రొటీన్‌ను కాదు, నత్రజనిని. దాన్ని 6.25తో గుణిస్తే వచ్చే అంకే క్రూడ్ ప్రొటీన్. ఆ నత్రజని ఎక్కడి నుంచి వచ్చిందో ఆ పరీక్షకు తెలియదు. కోడి ఈకల్లో క్రూడ్ ప్రొటీన్ 80 శాతం దాటుతుంది. కానీ అది కెరటిన్, ఆవిరి పీడనంలో ఉడికించి విరగ్గొట్టకపోతే చేప పేగు దాన్ని తాకలేదు. యూరియా కలిపినా అంకె పెరుగుతుంది, చేపకు మాత్రం ఒరిగేదేం లేదు. 2007లో ఉత్తర అమెరికాలో పెంపుడు జంతువుల ఆహారాన్ని కుప్పలుగా వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. అక్కడ దొరికిన మెలమిన్ అనే రసాయనం కథ కూడా ఇదే. దాని బరువులో మూడింట రెండు వంతులు నత్రజనే, కాబట్టి ఒక గ్రాము కలిపితే పరీక్షలో నాలుగు గ్రాముల 'ప్రొటీన్' కనిపిస్తుంది.

ఎంత అరిగిందో తెలియాలంటే చేప జీర్ణించుకోలేని క్రోమిక్ ఆక్సైడ్ లాంటి గుర్తు పదార్థాన్ని మేతలో కలుపుతారు. మేతలోనూ మలంలోనూ దాని సాంద్రతను పోల్చి లెక్క కడతారు. అమ్మేవాళ్లను అడగాల్సింది ఆ అరుగుదల శాతం. సమాధానం చెప్పడానికి తడుముకుంటే అదీ ఒక సమాధానమే.

లైసిన్, మెథియోనిన్ అంటుంటారు. ప్రొటీన్ ఉంటే అవి ఉన్నట్టే కదా?

ఉంటాయి, సరైన పాళ్లలో ఉంటాయని మాత్రం నమ్మకం లేదు. చేప సొంతంగా తయారు చేసుకోలేని అమైనో ఆమ్లాలు పది, లైసిన్, మెథియోనిన్ వాటిలోవే. పది రంగుల పూసలతో ఒకే వరసలో దండ గుచ్చుతున్నారనుకోండి. ఎర్ర పూసలు అయిపోతే దండ అక్కడితో ఆగుతుంది, మిగతా తొమ్మిది రంగులు ఎన్ని మిగిలినా వృథాయే. సోయాలో ముందుగా అయిపోయేది మెథియోనిన్. వేరుశనగ చెక్కలో, మొక్కజొన్నలో లైసిన్ కొరత.

ఈ లోటును విడి అమైనో ఆమ్లాల పొడితో పూడ్చవచ్చు. ఒక చిక్కుంది. విడి లైసిన్ పేగులో వెంటనే పీల్చుకుపోతుంది, ప్రొటీన్‌లో బంధించి ఉన్న మిగతావి తీరిగ్గా వస్తాయి. ఆలోగా లైసిన్ కాలిపోతుంది. జీర్ణాశయం లేని చేపల్లో ఈ తేడా మరీ ఎక్కువ. అదే మేతను రోజుకు ఎక్కువసార్లు కొద్దికొద్దిగా వేస్తే కొంత సర్దుకుంటుంది.

చేపపొడి తప్పనిసరా? సోయా, పత్తిగింజల చెక్క, ఆవచెక్కతో నడవదా?

చేపకు కావాల్సింది చేపపొడి కాదు, అందులో ఉండే పోషకాలు. వాటిని వేరే చోట నుంచి తేగలిగితే నడుస్తుంది. గొడవంతా మొక్కల సరుకు తనతో మోసుకొచ్చే వాటితోనే. పచ్చి సోయాలో ట్రిప్సిన్‌ను అడ్డుకునే పదార్థాలుంటాయి, ఇవి సరిగా ఉడికిస్తే పోతాయి. పత్తిగింజల్లోని గాసిపాల్ లైసిన్‌ను పట్టేసుకుంటుంది. ఆవచెక్కలోని గ్లూకోసినోలేట్లు థైరాయిడ్ మీద పడతాయి. గింజల్లో ఉండే ఫైటేట్ భాస్వరాన్ని, జింకును కట్టిపడేస్తుంది.

సోయా పిండి ఎక్కువైతే సాల్మన్‌లో పేగు చివరి భాగం వాచిపోతుంది. లోపలి మడతలు పొట్టివై, పీల్చుకునే పని దెబ్బతింటుంది. దీనికి సోయాలోని సాపోనిన్లు అనే పదార్థాలు ముఖ్య కారణమని తేలింది. వాటిని కడిగేసిన సోయా ప్రొటీన్ కాన్సంట్రేట్‌తో ఈ బాధ దాదాపు ఉండదు. బంగారుతీగ కూడా మొదట్లో ఇబ్బంది పడుతుంది కానీ కొన్ని వారాల్లో తేరుకుంటుంది. ఇంకొకటి, మొక్కల్లో టారిన్ అనే పోషకం ఉండదనే అనుకోవాలి. కొన్ని సముద్ర చేపలకు అది లేని మేత పెడితే కాలేయం ఆకుపచ్చగా మారుతుంది. నా మటుకు నేను రెండు మూడు రకాల చెక్కల్ని తక్కువ తక్కువ పాళ్లలో కలపడానికే ఇష్టపడతాను. ఒకదాని విషం, ఒకదాని లోటు మరీ ముదరకుండా ఉంటాయి.

## స్పాన్, ఫ్రై (చేపపిల్లల) దశలో

సొన సంచి అయిపోయిన పిల్లలకు మంచి పొడి మేత వేసినా చచ్చిపోతున్నాయి. ఎందుకు?

ఆ వయసులో పేగు ఒక తిన్నని గొట్టం. పెద్దయ్యాక జీర్ణాశయం వచ్చే జాతుల్లో కూడా అప్పటికి ఆమ్లం లేదు, పెప్సిన్ లేదు. ట్రిప్సిన్ ఉంటుంది కానీ పొడి ప్రొటీన్‌ను పూర్తిగా విడగొట్టేంత కాదు. రోటిఫర్లు, ఆర్టీమియా లాంటి ప్రాణమున్న మేత కదులుతూ కంట పడుతుంది, ఒళ్లంతా నీరే కాబట్టి మెత్తగా ఉంటుంది, నేరుగా పీల్చుకోగల విడి అమైనో ఆమ్లాలు అందులో దండిగా ఉంటాయి. పొడి మేతకు మార్చేటప్పుడు కొన్ని రోజులు రెండూ కలిపి వేస్తూ, ప్రాణమున్న మేతను మెల్లగా తగ్గించాలి. ఎన్ని రోజులనేది జాతిని బట్టి ఉంటుంది. మాంసాహార చేపల్లో తొందరపడితే ఆకలితో ఒకదాన్నొకటి తినేస్తాయి.

పిల్లలకు రోజుకు అన్నిసార్లు మేత ఎందుకు? పెద్దవాటికి రెండుసార్లు చాలు కదా?

చేప ఎంత చిన్నదైతే గ్రాము బరువుకు అంత వేగంగా శక్తి ఖర్చవుతుంది. ఒక గ్రాము పిల్ల రోజుకు తన బరువులో పదో వంతు మేత తింటుంది. అరకిలో చేపకు 2 శాతం చాలు. పిల్ల పేగు చిన్నది, నిల్వ సంచి లేదు, తిన్నది కొద్ది గంటల్లోనే బయటికి పోతుంది. అందుకే కొద్దికొద్దిగా ఎక్కువసార్లు వేయాలి. మేతలో ప్రొటీన్ కూడా 40 శాతం దగ్గర ఉండాలి.

పిల్లల వెన్నెముక వంకర తిరుగుతోంది. ఇది పుట్టుకతో వచ్చిందా?

కొన్నిసార్లు పుట్టుకతో, కొన్నిసార్లు విటమిన్ సి లోపంతో. చాలా చేపలు మనలాగే విటమిన్ సిని తయారు చేసుకోలేవు. అది లేకపోతే కొల్లాజెన్ గట్టిపడదు, ఎముక వంగుతుంది, గాయాలు మానవు. మేత తయారీలో తగిలే వేడికి, నెలల తరబడి నిల్వకు మామూలు విటమిన్ సి నిలవదు. అందుకే ఫాస్ఫేట్ రూపంలో ఉన్నదాన్ని వాడతారు. సంచి ఎప్పుడు తయారైందో చూడకుండా పిల్లలకు మేత వేయకండి.

## పెరిగే దశలో

మొదటి నెలల్లో తవుడుతోనే బ్రహ్మాండంగా పెరిగాయి. ఇప్పుడు అదే తవుడు వేస్తుంటే ఆగిపోయాయి. తవుడులో కల్తీ ఉందా?

ఉండొచ్చేమో కానీ ముందు చెరువు లెక్క చూడండి. మొదట్లో చేపల మొత్తం బరువు తక్కువ. చెరువులోని ప్లాంక్టన్ (నీళ్లలో తేలే సూక్ష్మ జీవాలు), పురుగులు వాటికి కావాల్సిన ప్రొటీన్, విటమిన్లు, కొవ్వు ఆమ్లాలు ఇచ్చాయి. తవుడు శక్తి మాత్రమే ఇచ్చింది. తవుడు పిండిపదార్థం మండి ప్లాంక్టన్ ప్రొటీన్‌ను కండకు మిగిల్చింది, ఆ జోడీ అద్భుతంగా కుదిరింది. చేపల బరువు పెరిగేకొద్దీ ఒక్కో చేప వాటాకు వచ్చే ప్లాంక్టన్ పడిపోతుంది, తవుడు ఒక్కటే మిగులుతుంది. అప్పుడు చేప పెరగదు, పొట్టలో కొవ్వు పెడుతుంది. ప్రొటీన్ ఉన్న చెక్కనో పెల్లెట్‌నో కలపాల్సిన సమయం వచ్చిందన్నమాట.

చేపలకు పిండిపదార్థం ఎక్కువైతే షుగర్ వస్తుందట, నిజమేనా?

సగం నిజం. ట్రౌట్ లాంటి మాంసాహార చేపకు గ్లూకోజ్ తాగిస్తే రక్తంలో చక్కెర పెరిగి గంటల తరబడి దిగదు, ఒక్కోసారి రోజంతా అలాగే ఉంటుంది. అందుకని 'చక్కెర జబ్బు' అంటున్నారు. కానీ ఇన్సులిన్ లేక కాదు. చేపల్లో ఇన్సులిన్ ఉంది, అది చక్కెర కంటే అమైనో ఆమ్లాలకు గట్టిగా స్పందిస్తుంది. పైగా ఈ చేపల కాలేయం బయటి నుంచి చక్కెర వస్తున్నా సొంతంగా అమైనో ఆమ్లాల నుంచి చక్కెర తయారు చేయడం ఆపదు. కండ కూడా చక్కెరను నెమ్మదిగానే తీసుకుంటుంది. వాటి పూర్వీకులు పిండి తిన్నది ఎప్పుడు కనుక!

మిగిలిన చక్కెర గ్లైకోజెన్‌గా కాలేయంలో పేరుకుంటుంది. కాలేయం ఉబ్బి పాలిపోతుంది. అందుకే మాంసాహార చేపల మేతలో అరిగే పిండిపదార్థం 20 శాతం దాటనివ్వరు. కార్ప్, తిలాపియా 30, 40 శాతం వరకు హాయిగా వాడుకుంటాయి. ఉడికిన పిండి అరిగినంతగా పచ్చి పిండి ఏ చేపకూ అరగదు. చక్కెర, గ్లూకోజ్ లాంటి సులువైన రూపాల కంటే పిండి రూపంలో ఇవ్వడమే చాలా చేపలకు మేలు, రక్తంలోకి మెల్లగా ఎక్కుతుంది.

నూనె కలిపితే ప్రొటీన్ ఖర్చు తగ్గుతుందంటున్నారు. ఎంత కలపాలి?

గ్రాము కొవ్వులో గ్రాము ప్రొటీన్‌కు రెట్టింపు పైగా శక్తి ఉంటుంది. చేప ఆ కొవ్వును మండించుకుంటే ప్రొటీన్ కండకు మిగులుతుంది. సాల్మన్ మేతల్లో కొవ్వు 30 శాతం దాటడానికి కారణం ఇదే, పిండి వాడుకోలేని చేపకు కొవ్వే ఇంధనం. కార్ప్, తిలాపియాలకు 5 నుంచి 10 శాతం మధ్య చాలు. అది మించితే పేగుల చుట్టూ తెల్లటి కొవ్వు పొరలు కడుతుంది, ఆకలి తగ్గి ప్రొటీన్ కూడా సరిపడా తినదు.

ఏ నూనె అన్నది కూడా ముఖ్యం. మంచినీటి చేపలు మొక్కల నూనెల్లోని పొట్టి ఒమేగా-3, ఒమేగా-6 కొవ్వు ఆమ్లాలను కొంతవరకు పొడవుగా మార్చుకోగలవు. సముద్ర చేపల్లో చాలావాటికి ఆ శక్తి లేదు, వాటికి ఈపీఏ, డీహెచ్‌ఏ అనే పొడవాటి ఒమేగా-3లు నేరుగా మేతలోనే అందాలి.

పీచు మంచిదంటారు కదా, చేపకూ మంచిదేనా?

మనకు మంచిదైనంత కాదు. సెల్యులోజ్‌ను విడగొట్టే ఎంజైము చేప సొంతంగా తయారు చేసుకోదు, పేగులోని సూక్ష్మజీవులు చేసేదీ కొద్దిపాటే. పీచు ఎక్కువైతే మేత పేగులోంచి తొందరగా జారిపోతుంది, మిగతా పోషకాలనూ తనతో లాక్కుపోతుంది. గడ్డిచేప ఉంది కదా అంటారు. అది గొంతులోని పళ్లతో ఆకును చీల్చి రసం పిండుకుంటుంది, పిప్పిని చాలావరకు అలాగే వదిలేస్తుంది. దాని చెరువులో తేలే పచ్చటి మలం వేళ్ల మధ్య నలిపితే ఆకు ముక్కలు ఇంకా ఆకు ముక్కల్లాగే ఉంటాయి.

తేలే మేత, మునిగే మేత... ఏది బాగా అరుగుతుంది?

తేలే మేతను ఎక్స్‌ట్రూడర్‌లో తేమ, వేడి, ఒత్తిడితో ఉడికించి ఒక్కసారిగా బయటికి వదులుతారు. పిండి పొంగి, లోపల గాలి గదులు ఏర్పడి తేలుతుంది. పిండి ఉడికింది కాబట్టి బాగా అరుగుతుంది, సోయాలోని అడ్డు పదార్థాలూ తగ్గుతాయి. నష్టం ఏమిటంటే వేడి మితిమీరితే లైసిన్ చక్కెరలతో అతుక్కుపోతుంది, కొన్ని విటమిన్లు పోతాయి. నాకు తేలే మేత నచ్చేది ఇంకో కారణానికి: చేప ఎంత తిన్నదో కళ్లతో చూడొచ్చు. అడుగున తినే చేపలకు మాత్రం మునిగే మేత కావాలి.

మేతలో చేపపొడి ఉంది, ఎముకలూ ఉన్నాయి. మళ్లీ భాస్వరం ఎందుకు కలపాలి?

కాల్షియాన్ని చేప మొప్పల ద్వారా నీళ్లలోంచి లాక్కోగలదు. భాస్వరం మాత్రం దాదాపు మేత నుంచే రావాలి. ఎముకలోని భాస్వరం విడుదల కావాలంటే ఆమ్లం కావాలి, కార్ప్ జాతి చేపలకు ఆమ్లం ఊరే జీర్ణాశయమే లేదు. మొక్కల భాస్వరం ఫైటేట్‌లో చిక్కుకుని ఉంటుంది. దాన్ని విడగొట్టే ఫైటేజ్ ఎంజైము కలిపినా అది పులుపులోనే బాగా పనిచేస్తుంది. అందుకే ఈ చేపలకు తేలిగ్గా కరిగే మోనోకాల్షియం ఫాస్ఫేట్ లాంటివి కలుపుతారు. లోపిస్తే ఎముక మెత్తబడుతుంది, పెరుగుదల మందగిస్తుంది, ఒంట్లో కొవ్వు పెరుగుతుంది. ఎక్కువైతే నీళ్లలోకి పోయి నాచు పెంచుతుంది.

ఎఫ్‌సీఆర్ (కిలో చేప పెరగడానికి పట్టే మేత కిలోలు) 1 వచ్చిందంటారు. కిలో మేతకు కిలో చేప ఎలా వస్తుంది? అబద్ధమే కదా?

అబద్ధం కాకపోవచ్చు. కిలో మేతలో నీరు 100 గ్రాములు, పొడి పదార్థం 900. కిలో చేపలో నీరు 700 నుంచి 750 గ్రాములు, పొడి పదార్థం 250 నుంచి 300. అంటే 900 గ్రాములు తిని 300 గ్రాములకు మించి నిలుపుకోలేదన్నమాట. మిగతాది ఊపిరిలో కాలిపోయింది, అమ్మోనియాగా పోయింది, మలంగా రాలింది. ప్లాంక్టన్ తిన్న చెరువులో ఎఫ్‌సీఆర్ ఇంకా మెరుగ్గా కనిపిస్తుంది, ఎందుకంటే ప్లాంక్టన్‌ను ఎవరూ తూకం వేయరు.

కాస్త ఎక్కువ వేస్తే తప్పేముంది? తింటున్నాయి కదా!

తినడం వేరు, అరగడం వేరు. పేగు నిండుగా ఉండగా ఇంకా తింటే వెనకది ముందుదాన్ని నెట్టేస్తుంది. ఎంజైములకు చాలినంత సమయం దొరకదు, పీల్చుకునే గోడకు తగలకుండానే కొంత బయటికి పోతుంది. నీళ్లలో చేతికి దొరికిన మలాన్ని నలిపి చూడండి, పెల్లెట్ వాసన అలాగే వస్తుంటే మీరు మేతతో చెరువు అడుగును పోషిస్తున్నారు. చేప ఆత్రం కాస్త మిగిలి ఉండగానే ఆపడం మంచిది.

ప్రోబయోటిక్స్, జీర్ణ ఎంజైములు కలిపితే అరుగుదల పెరుగుతుందా?

మేతలో ఎక్కడ లోపముందో తెలిసి, దానికి తగిన ఎంజైము వేస్తే పెరగొచ్చు. పీచు, ఫైటేట్ ఎక్కువున్న మేతల్లో తేడా కనిపిస్తుంది. మంచి మేతలో పెద్దగా తేడా ఉండదు. పెల్లెట్ ఉడికే వేడికి మామూలు ఎంజైములు, చాలా సూక్ష్మజీవులు చచ్చిపోతాయి కాబట్టి తయారయ్యాక పైపూతగా వేయాలి.

## నీళ్లు, వాతావరణం మారినప్పుడు

మబ్బు పట్టిన సాయంత్రం మేత వేయొద్దంటారు. మబ్బుకూ అరుగుదలకూ ఏం సంబంధం?

తిన్నదాన్ని అరిగించి, విడగొట్టి, కండగా మార్చడానికి చేపకు అదనంగా ఆక్సిజన్ కావాలి. మేత తిన్న కొన్ని గంటల్లో చేప వాడే ఆక్సిజన్ ఖాళీ కడుపుతో ఉన్నప్పటికంటే బాగా పెరుగుతుంది, రెట్టింపు కూడా కావచ్చు. మేతలో ప్రొటీన్ ఎంత ఎక్కువుంటే ఈ భారం అంత పెరుగుతుంది. 30 డిగ్రీల మంచినీళ్లలో పూర్తిగా కరిగినా ఆక్సిజన్ లీటరుకు 7.5 మిల్లీగ్రాములే. మబ్బు రోజున నాచు సరిపడా తయారు చేయలేదు, రాత్రి అదే నాచు పీల్చేసుకుంటుంది. సాయంత్రం మేత వేస్తే చేప అవసరం పెరిగే సమయమూ చెరువులో ఆక్సిజన్ పడిపోయే సమయమూ ఒకటే అవుతాయి.

నేనూ ఒకసారి ఈ తప్పు చేశాను. వాన పడేలా ఉన్న సాయంత్రం, చేపలు ఎగబడి తింటున్నాయని సంబరపడి ఇంకో రెండు డబ్బాలు ఎక్కువే చల్లాను. తెల్లవారుజామున వెళ్లేసరికి అన్నీ నోళ్లు పైకి పెట్టి ఒడ్డు పట్టుకుని ఉన్నాయి. చనిపోయిన చేపల పొట్టలో ముందురోజు మేత అలాగే ఉంది. ఆ టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది. అప్పటి నుంచి ఎండ పడి నీళ్లలో ఆక్సిజన్ పుంజుకున్నాకే మొదటి మేత.

చలికాలంలో మేత తినడం తగ్గించాయి. జబ్బు చేసిందా?

చేప ఒంటి వేడి నీటి వేడే. నీళ్లు 10 డిగ్రీలు చల్లబడితే శరీరంలో జరిగే పనులు సుమారు సగానికి పడిపోతాయి. ఎంజైములు మందగిస్తాయి, పొద్దున తిన్నది మర్నాటికీ పేగులోనే ఉంటుంది. అప్పుడు మేత తగ్గించడమే సరైన పని. ఎండ తగిలే మధ్యాహ్నం ఒక్కసారి కొద్దిగా వేయండి. వెచ్చని నీటి చేపలకు చలిలో గట్టిపడే కొవ్వులు సరిగా అరగవు, మెత్తని నూనెలు నయం.

నీళ్లలో అమ్మోనియా పెరిగింది. మేత వల్లేనా?

చాలావరకు. లెక్క చూడండి: 32 శాతం ప్రొటీన్ ఉన్న కిలో మేతలో నత్రజని సుమారు 51 గ్రాములు. చేప అందులో మూడో వంతు నిలుపుకుంటే 34 గ్రాములు నీళ్లలోకి వస్తుంది. ఎక్కువ భాగం మొప్పల నుంచి అమ్మోనియాగా, మిగతాది మలంగా. అమైనో ఆమ్లాల పాళ్లు కుదరని మేతలో నిలిచేది ఇంకా తగ్గుతుంది. అందుకే అమ్మోనియా పెరిగినప్పుడు నీళ్లు మార్చడంతో ఆగకుండా మేత నాణ్యత, మోతాదు రెండూ చూడాలి. పీహెచ్ పెరిగే మధ్యాహ్నాల్లో అదే అమ్మోనియా మరింత విషంగా మారుతుంది.

## ఏదో తేడా కొట్టినప్పుడు

పొట్ట కోసి చూస్తే కాలేయం పసుపుగా, పాలిపోయి ఉంది. ఏమిటి కారణం?

ఆరోగ్యమైన కాలేయం చాలా చేపల్లో ముదురు ఎరుపు, గోధుమ రంగుల మధ్య ఉంటుంది. పాలిపోయి, వేలితో నొక్కితే చితికి, వేలికి జిడ్డు అంటితే కొవ్వు పేరుకున్నట్టు. ఉబ్బి, పాలిపోయి, జిడ్డు లేకపోతే గ్లైకోజెన్ అయ్యుండొచ్చు, అంటే పిండిపదార్థం ఎక్కువైంది. కనరు నూనె, బూజు విషాలు కూడా కాలేయాన్నే ముందు కొడతాయి. పక్కనే పిత్తాశయాన్నీ చూడండి. అది బాగా నిండి ముదురు ఆకుపచ్చగా ఉంటే చేప చాలాసేపటిగా తినలేదు. కాబట్టి ఒక్క చేపను కోసి తీర్పు చెప్పకండి, మేత తింటున్నవాటిలోంచి కనీసం నాలుగైదు చూడండి.

తెల్లటి దారంలా మలం వస్తోంది. అజీర్ణమా?

తినని చేప పేగులోంచి ఉత్త జిగురు పొర రాలినా అలాగే ఉంటుంది. పేగు వాచినా, పురుగులున్నా అలాగే ఉంటుంది. మేత మార్చగానే మొదలైతే మేతను అనుమానించండి, పాత మేతకు తిరిగి వెళ్లి చూడండి. మార్పేమీ లేకుండా మొదలైతే పేగు ముక్కను మైక్రోస్కోప్ కింద చూపించడం తప్ప దారి లేదు.

మేత కొంచెం కనరు వాసన వస్తోంది, ఒక మూలన బూజు పట్టింది. మిగతాది వేయొచ్చా?

వేయకండి. చెడిన నూనె విటమిన్ ఇ-ని ముందుగా మింగేస్తుంది, ఆ తర్వాత కణాల పొరల మీద పడుతుంది. జపాన్‌లో కొవ్వు చెడిన పట్టుపురుగు ప్యూపాలు మేపిన బంగారుతీగ చేపలకు వీపు కండ కరిగి, వీపు కత్తి అంచులా అయిపోయే జబ్బు వచ్చింది. దాన్ని సెకోకే అంటారు.

బూజు సంగతి ఇంకా చెడ్డది. 1960 ప్రాంతంలో అమెరికా హేచరీల్లో ట్రౌట్ చేపలకు కాలేయంలో కణితులు కుప్పలుగా వచ్చాయి. మూలం వెతికితే పత్తిగింజల చెక్కలోని అఫ్లటాక్సిన్ అనే బూజు విషమని తేలింది. ట్రౌట్ దీనికి మరీ సున్నితం, కిలో మేతలో కొద్ది మైక్రోగ్రాములు చాలు. మిగతా చేపలు కొంత తట్టుకుంటాయి కానీ పెరుగుదల, రోగనిరోధక శక్తి దెబ్బతింటాయి. బూజు దులిపేసినా విషం మేతలోనే ఉంటుంది, ఉడికించినా పూర్తిగా పోదు.

పెల్లెట్ కంటే పచ్చి చిన్నచేపలు కోసి వేస్తే బలం కదా?

మాంసాహార చేపలు ఇష్టంగానే తింటాయి. కొన్ని జాతుల పచ్చి చేపల్లో థయామినేస్ అనే ఎంజైము ఉంటుంది. అది విటమిన్ బి1ను నాశనం చేస్తుంది. నెలల తరబడి అవే వేస్తే చేపలు ఆకలి పోగొట్టుకుని, తూలుతూ ఈదుతాయి. ఉడికిస్తే ఆ ఎంజైము చచ్చిపోతుంది.

## పట్టుబడికి ముందు

పట్టే ముందు ఒకటి రెండు రోజులు మేత ఆపితే బరువు తగ్గదా?

తగ్గేది ఎక్కువగా పేగులోని సరుకే. ఖాళీ కడుపుతో ఉన్న చేప తక్కువ ఆక్సిజన్ వాడుతుంది, తక్కువ అమ్మోనియా వదులుతుంది, రవాణా తొట్టిలో నీళ్లు చెడవు. కోసినప్పుడు పేగులోని ఎంజైములు, సూక్ష్మజీవులు మాంసం మీద పడవు. వెచ్చని నీళ్లలో 24 గంటలు, చల్లగా ఉంటే ఇంకాస్త ఎక్కువ.

మధ్యలో వారం పది రోజులు మేత ఆగిపోయింది. తర్వాత వేస్తే అందుకుంటాయా?

చాలావరకు అందుకుంటాయి. ఆకలి కాలంలో చేప మొదట కాలేయంలోని గ్లైకోజెన్, ఆపైన కొవ్వు, చివరికి కండ వాడుకుంటుంది. మేత మళ్లీ దొరికాక మామూలు కంటే వేగంగా పెరుగుతుంది. ఈలోగా పేగు లోపలి మడతలు కుంచించుకుపోయి, ఎంజైములు తగ్గి ఉంటాయి. మొదటి రోజే పూర్తి మోతాదు వేయకుండా సగంతో మొదలుపెట్టి మూడు నాలుగు రోజుల్లో పెంచాలి.

చివరి నెలల్లో మేత మారిస్తే మాంసంలో ఒమేగా-3 పెరుగుతుందా?

పెరుగుతుంది. చేప కొవ్వులోని కొవ్వు ఆమ్లాలు తిన్న నూనెకు నకలులా ఉంటాయి. ఎక్కువ కాలం మొక్కల నూనెతో పెంచి, చివరి కొన్ని వారాలు చేపనూనె ఉన్న మేత వేస్తే ఈపీఏ, డీహెచ్‌ఏ తిరిగి ఎక్కుతాయి. ప్రొటీన్‌తో ఈ పని కుదరదు. కండలోని అమైనో ఆమ్లాల పాళ్లు చేప జన్యువులు రాసిపెట్టినవి, మేత ఏదైనా అవి మారవు. సాల్మన్ మాంసం ఎరుపు కూడా మేత నుంచి వచ్చేదే, అస్టాజాంథిన్ అనే రంగు పదార్థాన్ని అది సొంతంగా తయారు చేసుకోలేదు. ఒక హెచ్చరిక: కొవ్వు ఎక్కువ ఉన్న చేపలో కొత్త నూనె పాతదానితో కలిసి పలచబడిపోతుంది, మార్పు రావడానికి ఎక్కువ వారాలు పడుతుంది.